పునాది: తెలియదు

మా ఇళ్ళ సబ్‌డివిజన్‌లో వాకింగ్ ట్రాక్ పక్కన ఒక బెంచీ ఉంది. వయసు మూడేళ్ళు. దాని మూడో పలక ఊడింది. ఒక మేకు పైకి లేచి, కూర్చున్నవాళ్ళ ప్యాంట్ల ఆయుష్షు తగ్గిస్తోంది. డాలస్ పక్కన ప్లేనోలో ఇల్లున్న బాధ్యత గల మనిషిగా సిటీ వెబ్‌సైట్ తెరిచి కంప్లైంట్ పెట్టాను. ఫోటో అడిగింది, ఇచ్చాను. తర్వాత 'సమస్యకు కారణం' అని ఒక డ్రాప్‌డౌన్ వచ్చింది. వాతావరణం, వాహనం, జంతువు, తెలియదు. బోల్టు బిగించాల్సిన చోట మేకు కొట్టి వెళ్ళిపోయిన మనిషి ఆ జాబితాలో లేడు. 'తెలియదు' నొక్కాను. రెండు నిమిషాల్లో ఈమెయిల్ వచ్చింది. కారణం తెలియనందువల్ల మీ టికెట్ మూసివేశాం, మీ సహనానికి కృతజ్ఞతలు.

నాకు సహనం ఉందని వాళ్ళకి ఎవరు చెప్పారో.

"గరాజ్‌లో సుత్తి ఉందిగా, మీరే వెళ్ళి కొట్టేసి రావచ్చుగా" అంది మా ఆవిడ. అలా కొట్టకూడదని, లయబిలిటీ అని ఒకటుంటుందని వివరించాను. ఆవిడ నావైపు కాసేపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ చూపుతోనే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఇది చదివే చిన్నవాళ్ళలో చాలామంది ఇలాంటి డ్రాప్‌డౌన్‌లు రాసి బతుకుతున్నవాళ్ళే. తప్పు పట్టడం లేదు. నేను వాటిని నింపి బతికినవాణ్ణి. ఒక కన్సల్టింగ్ కంపెనీలో చేరి, రిటైరయ్యేదాకా వంతెనలు తనిఖీ చేశాను. ఇక్కడ ప్రతి వంతెననీ రెండేళ్ళకోసారి ఎవరో ఒకరు కింద దూరి చూడాలి. ఆ ఎవరో ఒకణ్ణి నేను. పెద్ద పెద్ద నదుల మీద వంతెనలు పెద్దవాళ్ళకి వెళ్ళేవి. మాకు వచ్చేవి పల్లె రోడ్ల మీద వాగు వంతెనలు, పాములతో సహా.

ఇద్దరం వెళ్ళేవాళ్ళం. నాతో వచ్చేవాడు వరంగల్ వైపు మనిషి, నాకన్నా నాలుగేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు. పొద్దున్నే ట్రక్కు కదిలే ముందు సామాను జాబితా చూసి టిక్కులు పెట్టాలి. సుత్తి, టేపు, టార్చి, రబ్బరు బూట్లు, నిచ్చెన, పార. పారకి ఎదురుగా ప్రతిరోజూ టిక్ పెట్టాను. అందులో ఒక్క రోజూ అబద్ధం లేదు. పార ట్రక్కులోనే ఉండేది.

నేను చెప్పబోయే వంతెన, డాలస్‌కి ఉత్తరాన మూడు గంటల దూరంలో ఒక చిన్న ఊరిది. ఊరంటే ఒక చర్చి, ఒక గ్యాస్ స్టేషన్, మూసేసిన బడి. వాగుకి అవతల ఆరు ఇళ్ళు. పంతొమ్మిది వందల ముప్పైలలో దేశమంతా పనుల్లేక పస్తులున్నప్పుడు, ప్రభుత్వం ఊళ్ళలో జనానికి పని కల్పించడానికి రోడ్లూ బడులూ కట్టించింది. ఆ ఊళ్ళో రాయన్నది ఎక్కడ కనబడినా అప్పటిదే. బడి గోడ, శ్మశానం ప్రహరీ, మా వంతెన. ఇసకరాతి దిమ్మలతో కట్టిన రెండు కమానులు. యంత్రం వాడకూడదన్నది అప్పటి నియమమట. యంత్రం పది మంది పని చేసేస్తే, ఆ పది మంది తినేదెలా?

మొదటిసారి వెళ్ళినప్పుడు మా బాస్ కూడా వచ్చాడు. మంచివాడు. నా గ్రీన్‌కార్డు కాగితాల మీద సంతకం పెట్టే మనిషి గనక మంచివాడనే అనేవాణ్ణి, ఇప్పుడు అవసరం లేకపోయినా అంటున్నాను. దారిలో ఒక జోక్ చెప్పాడు. ఆ స్కీములో పనివాళ్ళు రోజంతా పార మీద ఆనుకుని నిలబడేవాళ్ళట. పార కర్ర ఇంకో రెండంగుళాలు పొడుగు పెంచమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారట, గడ్డం ఆనించుకోవడానికి అందడం లేదని. మేమిద్దరం నవ్వాం. వీసా మీదున్నవాళ్ళు బాస్ జోకుకి ఎంత నవ్వాలో అంత.

బాస్, అక్కడి జిల్లా ఆఫీసు లాంటి కౌంటీ ఆఫీసు దగ్గర దిగిపోయాడు. మేం వాగు దగ్గరికి వెళ్ళాం. ఆగస్టు. వాగు ఎండిపోయి అక్కడక్కడ మడుగులున్నాయి. వంతెనని సుత్తితో తట్టి చూశాను. రాయి గట్టిగా పలికింది. ఒక్క అతుకూ విచ్చుకోలేదు. అరవై ఏళ్ళు దాటిన కట్టడానికి జబ్బేమీ లేకపోతే తనిఖీ చేసేవాడికి కాస్త నిరాశగానే ఉంటుంది.

ఫారంలో మాత్రం ఒక చోట ఆగాను. పునాది ఎంత లోతు ఉంది, దేని మీద నిలబడింది? వరద వచ్చినప్పుడు కింద మట్టి కొట్టుకుపోతే వంతెన కూలుతుంది గనక అది ముఖ్యమైన ప్రశ్నే. జవాబుకి మూడు గడులున్నాయి. ఒకటి: డ్రాయింగుల ప్రకారం తెలుసు. రెండు: ఇంజనీరు స్వయంగా పరిశీలించి నిర్ధారించారు. దీనికి సంతకం పెట్టాలి, లైసెన్సు నంబరు వేయాలి. మూడు: తెలియదు. మూడోదానికి సంతకం అక్కర్లేదు.

డ్రాయింగులు కౌంటీలో లేవు. ఎప్పుడో పైకప్పు కారి తడిసిపోయాయన్నారు.

అప్పుడొచ్చింది ఒక ముసలావిడ. అవతలి గట్టు మీద మొదటి ఇల్లు ఆవిడది. డెబ్భై దాటిన మనిషి, మగవాళ్ళ టోపీ, చేతిలో నీళ్ళ సీసాలు రెండు. మేమెవరమని అడగలేదు, ముందు నీళ్ళిచ్చింది. తర్వాత కమాను మీద చెయ్యి వేసి, ఇది మా నాన్న కట్టాడు అంది. ఒక్కడే కాదు, ఇరవై మంది కట్టారు, కానీ ఈ వైపు పునాది గొయ్యి మా నాన్నదే. నాకప్పుడు ఏడేళ్ళు, నీళ్ళు తెచ్చిచ్చేదాన్ని. గట్టు మీద నిలబడి చూస్తే ఆయన ఛాతీ నుంచి పైకే కనబడేవాడు. కింద బండ తగిలింది. బండలోకి జానెడు లోతు ఉలితో చెక్కి మొదటి వరస రాళ్ళు అందులో కూర్చోబెట్టారు.

ఒక వాగు వంతెనకి అంత లోతెందుకమ్మా అన్నాను. నమ్మనట్టు కాదు, మర్యాదకే.

ఆవిడ నవ్వింది. మేస్త్రీ చెప్పాడట. ఈ పని అయిపోతే మీ అందరినీ ఇంటికి పంపించేస్తారు, ఇంకో పని ఎప్పుడొస్తుందో తెలియదు, శీతాకాలం వస్తోంది, కాబట్టి ఇంకా కిందికి పోండి అని. వాళ్ళు పోయారు. బండ తగిలాక కూడా ఆగకుండా చెక్కారు. చలికాలం దాటేదాకా చెక్కారు.

వరంగల్ అతను నన్ను పక్కకి పిలిచాడు. "అన్నా, దిగి చూద్దామా? ఇసుకనే కదా. ఇద్దరం కొడితే పొద్దు గూకేలోపు బండ తగుల్తది. ఆమె చెప్పింది నిజమైతే రెండో గడిల టిక్ కొట్టొచ్చు."

ఇంకా ఐదు బ్రిడ్జిలున్నాయన్నాను. ఒక్కో బ్రిడ్జికి కంపెనీ ఇచ్చిన టైము రెండు గంటలన్నాను. రెండూ నిజాలే. అతను ఇంకా నిలబడే ఉంటే, అనకూడని మాట ఒకటి అన్నాను.

"నువ్వు పెడతావా సంతకం?"

అతనికి లైసెన్సు లేదు. నాకు వచ్చి ఆరు నెలలు. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూపు ఐదో ఏడు నడుస్తోంది. ఆ నంబరు ఎక్కడైనా వేయాలంటే కొత్త చొక్కా వేసుకుని వంట చేసినట్టుండేది. రేపు వంతెనకి ఏమైనా అయితే ఫలానా దేశం వాడు, ఒక ముసలావిడ మాట విని సంతకం పెట్టాడని రాస్తారేమోనని భయం. ఎవరు రాస్తారు, ఎక్కడ రాస్తారు, ఇవేవీ ఆలోచించలేదు. భయానికి అంత వివరం అక్కర్లేదు.

మూడో గడిలో టిక్ పెట్టాను. పునాది: తెలియదు. నీళ్ళ సీసా ఆవిడకి తిరిగిచ్చి, థాంక్స్ చెప్పి వచ్చేశాను. దారంతా అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మర్నాడు మామూలుగానే అన్నా అన్నాడు. మరుసటి ఏడాది జావా నేర్చుకుని సాఫ్ట్‌వేర్ పనికి అల్ఫారెట్టా వెళ్ళిపోయాడు. తెలివైనవాడు, అక్కడ బాగా పైకొచ్చాడు. వంతెనలకి నష్టం.

ఇక్కడొక మాట చెప్పాలి, చెప్పడం నాకు ఇష్టం లేదు. మాది అనంతపురం జిల్లా. మా అమ్మ పెళ్ళి కాక ముందు రెండు వేసవులు కరువు పనికి వెళ్ళింది. రోడ్డుకి మట్టి మోసింది. పని తొందరగా అయిపోతే మళ్ళీ పస్తులని, తట్ట నిండా ఎత్తకుండా ముప్పాతికకే ఎత్తుకునేవాళ్ళట ఆడవాళ్ళు. మేస్త్రీ చూసి కూడా చూడనట్టు ఊరుకునేవాడట. అమ్మ ఈ సంగతి చెప్పి చెప్పి నవ్వేది. ఆ రోడ్డు మీద ఇప్పటికీ బస్సు తిరుగుతుంది. ఎవరు వేశారంటే గవర్నమెంటు వేసింది అంటారు.

అంటే, చలికాలం దాటించడానికి బండలోకి చెక్కారన్న మాట విని నమ్మాల్సిన ఇంజనీరు ఆ రాష్ట్రం మొత్తం మీద ఒక్కడుంటే, అది నేనే. అలాంటి కారణం ఎవరూ కల్పించి చెప్పరు. కల్పించేవాళ్ళు ఇంకా గౌరవంగా ఉండేది చెబుతారు. ఆ రోజు వాగులో నిలబడి ఆవిడ మాట వింటుంటే మా అమ్మ గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చాక కూడా మూడో గడిలోనే టిక్ పెట్టాను.

తర్వాతి ఏడాది కొత్త ఆదేశం వచ్చింది. పునాది తెలియని వంతెనలన్నిటినీ ప్రమాదకరమైనవిగానే పరిగణించాలి. నేను 'తెలియదు' అన్నాను. పై ఆఫీసులో ఇంకొకరు దాన్ని 'బాగా లేదు' అని చదువుకున్నారు. నేనా మాట అనలేదు. వాళ్ళూ నన్ను అడగలేదు. ఎవరూ తప్పు చేయలేదు. ఈ వాక్యం నా ఉద్యోగ జీవితంలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు, విన్న ప్రతిసారీ ఎవరో ఒకరి ఇల్లు పోయింది.

వంతెనకి ఇవతల ఒక బోర్డు పెట్టారు. మూడు టన్నులకు మించి వెళ్ళరాదు. కార్లు వెళ్ళొచ్చు. స్కూలు బస్సు వెళ్ళకూడదు, ఫైరింజను వెళ్ళకూడదు, అంబులెన్సు వెళ్ళకూడదు. అవి చుట్టూ తిరిగి, మట్టిరోడ్డు మీద ముప్పావుగంట ఎక్కువ ప్రయాణం చేసి రావాలి.

ఆవిడ మా ఆఫీసుకి ఉత్తరం రాసింది. చేతిరాత. మా ఆయనకి గుండెజబ్బు, ఏడాదిలో రెండుసార్లు అంబులెన్సు వచ్చింది, ఈ బోర్డు తీయించండి, పునాది సంగతి మీ మనిషికి చెప్పాను, కావాలంటే మళ్ళీ చూపిస్తాను. బాస్ ఆ ఉత్తరం నాకిచ్చి, వెళ్ళి మర్యాదగా మాట్లాడి రమ్మన్నాడు. ఫారం మార్చి రమ్మనలేదు. మార్చవద్దనీ అనలేదు. మంచివాడని చెప్పాను కదా.

రెండోసారి ఒక్కణ్ణే వెళ్ళాను. ఆవిడ భర్త వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, నెమ్మదిగా మాట్లాడాడు. ఈ ఇంట్లోనే పుట్టాను, ఇక్కడ ఉండనిస్తే ఇంకేమీ అడగను అన్నాడు. ఉండనిచ్చేవాణ్ణి నేనన్నట్టు చూశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు. ఎవరి మీదో తెలియక, ఆ వంతెన మీదే కోపం తెచ్చుకున్నట్టు గుర్తు.

ఆవిడ వాగులోకి దిగి, మడమతో ఇసుక మీద గీత గీసింది. ఇక్కడ, అంది. నేను ట్రక్కు వెనక తలుపు తెరిచి బూట్లు తీసుకున్నాను. ఆవిడ పక్కనే నిలబడి, బూట్ల పక్కనున్న పార వైపు చూసింది. నేను ఆ గీత దగ్గర కూర్చుని పన్నెండు ఫోటోలు తీశాను. ఇసుకకి ఫోటోలు. ఆఫీసుకొచ్చి ఒక పేజీ రిపోర్టు రాశాను. "పునాది బండ మీద ఉన్నట్టు స్థానికుల కథనం. ధ్రువీకరించబడలేదు." ఆ రెండో వాక్యం అప్పట్లో నాకు బాగా నచ్చింది. ఎవరు ధ్రువీకరించలేదో చెప్పాల్సిన అవసరం లేకుండా కుదిరింది.

ఆ చలికాలంలో డాక్టర్ల మాట మీద ఆయన్ని కౌంటీ పట్నంలో నర్సింగ్ హోమ్‌కి మార్చారు. అంబులెన్సు రాని ఇంట్లో ఉండకూడదన్నారు. రెండు నెలలకి అక్కడే పోయాడు. గుండెజబ్బు మనిషి, ఎక్కడున్నా పోయేవాడేమో. ఆయన అడిగింది బతుకు కాదు కదా, చోటు.

వంతెన పడగొట్టి కొత్తది కట్టాలని తీర్మానించారు. డిజైను మా కంపెనీకే వచ్చింది. తెలియదని చెప్పినవాళ్ళకే, తెలిసింది కట్టే పని. పడగొట్టేటప్పుడు దగ్గరుండి చూసే పని నాకిచ్చారు.

ఆ కొత్తదాని సంగతి ముందే చెప్పేస్తాను. కాంక్రీటు పెట్టెలు, ఫ్యాక్టరీలో పోసి తెచ్చి అమర్చినవి. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. పునాది ఎంత లోతో మొదటి గడిలోనే టిక్ పెట్టి ఉంది. నాలుగో ఏడు వరదకి సరిగ్గా అంత లోతులోనే కదిలింది. రోడ్డు రెండువైపులా కొట్టుకుపోయింది. అప్పుడు రిపేరు డిజైను ఎవరు చేశారని అడగకండి.

పడగొట్టడానికి కాంట్రాక్టరు మూడు రోజులు వేసుకున్నాడు. ఎక్స్‌కవేటర్ నడిపేవాడు లావుపాటి మనిషి, పొద్దున్నే డోనట్ల పెట్టె తెచ్చి నా ట్రక్కు బానెట్ మీద పెట్టేవాడు. మొదటి రోజు మధ్యాహ్నానికే యంత్రం ఆపేసి కిందికి దిగి, కమాను చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. ఇది కూలిపోయేలా ఉందని రాసింది ఎవరు అని అడిగాడు. పేపర్లలో అలా ఉంది అన్నాను. ఓహో, పేపర్లా, అన్నాడు. ఆ తర్వాత నాతో ఎక్కువ మాట్లాడలేదు. డోనట్లు మాత్రం మానలేదు.

కమానులు దిగడానికే ఐదు రోజులు పట్టింది. ఒక్కో రాయీ, వదలడం ఇష్టం లేనట్టు వచ్చింది. యంత్రానికి సుత్తి మొన ఒకటి విరిగితే పట్నం నుంచి ఇంకోటి తెప్పించారు. ఆవిడ రోజూ పొద్దున్న వచ్చి గట్టు మీద మడత కుర్చీలో కూర్చునేది. నన్ను చూసి తల ఊపేది. నేను వెళ్ళి పలకరించలేదు. ఏమని పలకరించాలో ఫారంలో లేదు.

ఎనిమిదో రోజు పునాది దగ్గరికొచ్చారు. ఎక్స్‌కవేటర్ అతను ఇసుక తోడుతూ తోడుతూ ఆపి, నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. గొయ్యిలోకి దిగాను. నా ఛాతీ దాకా వచ్చింది. అడుగున బండ. బండలో జానెడు లోతు గాడి. గాడిలో మొదటి వరస రాయి, సందు లేకుండా. మట్టి తుడిచి చూస్తే గాడి అంచుల మీద ఉలి దెబ్బలు వరసగా, ఒకే ఏటవాలులో, నిన్న చెక్కినట్టున్నాయి. ఒక చోట వరస కాస్త దగ్గరదగ్గరగా ఉంది. ఆ వారం పని ఇంకా నెమ్మదిగా చేసి ఉంటారు.

చలికాలం దాటడానికి చెక్కిన ఆ గాడి అరవై ఏళ్ళ వరదలు దాటింది. నా టిక్ మార్కు మీద నుంచి మాత్రం దాటలేకపోయింది. కోపం వచ్చింది. కోపం ఆదేశం రాసినవాళ్ళ మీద, మంచివాడైన మా బాస్ మీద, జోకుకి నవ్విన నా నోటి మీద. బాస్‌కి అక్కడి నుంచే ఫోన్ చేసి, పునాది బండ మీద ఉందని చెప్పాను. అయితే ఫోటో తీసి ఫైల్లో పెట్టు అన్నాడు. తీశాను. కెమెరా చేతిలోనే ఉంది.

పైకెక్కి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను. మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది, బండ మీదే ఉంది, అన్నాను. క్షమించమనే మాట కూడా అన్నాను. మా దగ్గర డ్రాయింగులు లేవు, నియమాల ప్రకారం తెలుసుకోవడానికి మాకు వేరే మార్గం లేకపోయింది అని కూడా కలిపాను. ఆ ముక్క కలపకుండా ఉంటే బాగుండేది.

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. గొయ్యి వైపు కాక, రోడ్డు మీద తలుపు తెరిచి ఉన్న నా ట్రక్కు వైపు చూసింది.

"మా నాన్నవాళ్ళు పార మీద ఆనుకుని నిలబడ్డారని ఈ కౌంటీలో ఇప్పటికీ నవ్వుతారు. నువ్వు రెండుసార్లు వచ్చావు, అబ్బాయ్. ఆనుకోవడానికైనా దాన్ని కిందికి దించలేదు."